గాలిలో మునిగిన చేపత్త

ఆ ఈతకొలనుకు వచ్చే పిల్లలందరూ ఆమెను చేపత్త అనేవారు. పిల్లలను చూసి వాళ్ళ తల్లులూ అలాగే అనడం మొదలుపెట్టారు. చివరికి ఆఫీసు గదిలో కూర్చునే గుమాస్తా కూడా ఒకరోజు పొరపాటున "చేపత్తగారూ" అని పిలిచి నాలిక కరుచుకున్నాడు. ఆమె ఏమీ అనుకోలేదు. నీళ్ళలో ఉన్నంతసేపూ తన ఒంట్లో ఎముకలున్న సంగతే ఆమెకు గుర్తుండేది కాదు.

ఆమె తల్లి అదే కొలనులో తువ్వాళ్ళు ఉతికేది. పసిపిల్లగా ఉన్నప్పుడు ఉతికిన తువ్వాళ్ళ బుట్టలోనే ఆమెను పడుకోబెట్టి పని చేసుకునేది. కాళ్ళు వచ్చాక పిల్ల బుట్టలో ఉండనంది. మాటలు సరిగ్గా రాకముందే మెట్ల మీదుగా నీళ్ళలోకి జారింది. ఎవరూ నేర్పలేదు. పెద్దవాళ్ళు చేసేది చూసి తనూ చేసింది, అంతే. కాస్త ఎదిగాక ఒక పిచ్చి పట్టుకుంది. లోతు ఎక్కువగా ఉండే వైపుకు వెళ్ళి, గుండెల నిండా గాలి నింపుకుని, అడుక్కి దిగి, నీలం పలకల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. అక్కణ్ణుంచి పైకి చూస్తే ఎండ ముక్కలుముక్కలై ఊగుతుండేది. తలలు లేని మనుషులు కాళ్ళు మాత్రం ఆడించుకుంటూ తీరిగ్గా ఎటో పోతుండేవారు. అంచున నిలబడి తల్లి పెట్టే కేకలు పక్కవీధిలో ఎవరో ఇంకెవరినో పిలుస్తున్నట్టు మెత్తగా వినిపించేవి. పైకి వచ్చాక వీపు విమానం మోత మోగేదనుకోండి, అది వేరే సంగతి.

"ఒసే, నీకున్నవి ఊపిరితిత్తులా, కొలిమితిత్తులా?" అని తిడుతూనే తల్లి ఆ తడిజుట్టు తుడిచేది. ఆ తిట్టును ఆమె బిరుదులా దాచుకుంది. పెద్దయ్యాక అక్కడే ఈత నేర్పే పనిలో కుదిరింది. నీళ్ళంటే ఏడ్చే పిల్లలకు ఆమె మొదట నేర్పేది చేతులూ కాళ్ళూ ఆడించడం కాదు, ఊపిరి వదలడం. "పీల్చుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు నాన్నా, వదలడమే రావాలి" అనేది. బుడగలు ఎవరు ఎక్కువ తెప్పిస్తే వాళ్ళు గెలిచినట్టు.

ఆమె భర్తకు కొలనుకు ఎదురుగా సెలూన్ ఉంది. ఆయన పెళ్ళికి ముందు ఈత నేర్చుకుందామనే వచ్చాడు. ఒక వేసవంతా వచ్చి మునగడం తప్ప మరేదీ నేర్చుకోలేదు. మునిగినప్పుడల్లా ఆమె జబ్బ పట్టుకుని పైకి లాగేది. "అలా లాగే చెయ్యి ఉండగా బుద్ధున్నవాడెవడైనా ఈత నేర్చుకుంటాడా?" అని ఆయన తన కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పేవాడు. గొంతు దగ్గర కత్తి ఉండగా గట్టిగా నవ్వడం ఎలాగో తెలియక వాళ్ళు ముక్కుతోనే నవ్వేవారు.

ఆయనకు ఒక అక్క ఉంది. భర్త పోయాక దగ్గర్లోనే ఒక గది తీసుకుని, కిటికీలకూ గుమ్మాలకూ కర్టెన్లు కుట్టి ఇస్తూ తన బతుకు తను బతికేది. ఆవిడ కత్తెర ఎంత పదునో నోరూ అంత పదును. తమ్ముడు తడిబట్టల మనిషిని కట్టుకున్నాడని మొదట్లో ముఖం మాడ్చుకుంది. తరవాత తరవాత ఆ మాడ్పు అలవాటుగా మిగిలిందే కానీ అందులో కోపం మిగల్లేదు. మోకాళ్ళు పట్టేసి, నీళ్ళలో నడవమని డాక్టరు చెప్పినప్పుడు చేపత్త ఆవిడ మాట వినిపించుకోకుండా పొద్దుటిపూట పెద్దవయసు ఆడవాళ్ళ జట్టులో చేర్చేసింది.

వదిన నీళ్ళలోకి దిగింది. దిగి, అంచున ఉన్న గొట్టం పట్టుకుంది. ఇక వదల్లేదు. మిగతావాళ్ళు మధ్యలో కబుర్లు చెప్పుకుంటూ నడుస్తుంటే ఆవిడ మాత్రం నాలుగు అంచుల వెంటా గస్తీ తిరిగేది. జట్టులోవాళ్ళు ఆవిడకు అంచు వదిన అని పేరు పెట్టారు. "నీళ్ళను నమ్మకూడదే. కూర్చుందామంటే కూర్చోనివ్వవు, నిలబడదామంటే నిలబడనివ్వవు" అనేది. చేపత్త బలవంతపెట్టలేదు.

ఆ ఏడు చలి ముందుగా వచ్చింది. కొలను భవనం పాతది. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదికి రెండు కిటికీలు ఉండేవి. వాటి చెక్కలు ఎండి, సందుల్లోంచి చల్లగాలి ఈలవేస్తూ వచ్చేది. తడి ఒంటితో వచ్చే పెద్దవాళ్ళు గడగడ వణుకుతుంటే చూడలేక చేపత్త ఒక మధ్యాహ్నం బల్ల ఎక్కి ఆ సందులన్నిటికీ వెడల్పాటి టేపు అంటించేసింది. వదిన మందపాటి గుడ్డతో గుమ్మానికి నేలదాకా కర్టెన్ కుట్టి తెచ్చింది. గది మూలన ఇనప తలుపు వెనక గ్యాస్ బాయిలర్ ఉండేది. వేడినీళ్ళు అక్కణ్ణుంచే వచ్చేవి, గదికి వెచ్చదనమూ దానిదే. దాని పొగగొట్టం పైకప్పులోంచి బయటికి పోతుంది.

బాయిలర్ చూసుకునే పెద్దాయనను అందరూ బాబాయ్ అని పిలిచేవారు. వేసవిలో బాయిలర్ ఆపి ఉంచినప్పుడు ఏవో పిట్టలు ఆ పొగగొట్టం మూతి దగ్గర గూడు పెట్టాయి. పిల్లలు ఉన్నాయి కదా, ఎగిరిపోయాక తీద్దాంలే అనుకున్నాడాయన. అవి ఎగిరిపోయాయి. వచ్చే ఏడు మళ్ళీ వస్తాయేమో, పాపం, ఉండనీ అనుకున్నాడు. పొగ పక్కనుంచి పోతూనే ఉంది మరి. ఒక పెద్ద గాలివానకు ఆ గూడు తడిసి, విరిగి, గొట్టం వంపులోకి జారి కూర్చుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆ వారమంతా జట్టులో ఆడవాళ్ళు తలనొప్పి అంటూనే ఉన్నారు. నీళ్ళలో కలిపే మందు ఎక్కువైందని ఒకరు, చలికి అని ఒకరు. ఇంటికి వెళ్ళేసరికి తగ్గిపోయేది కనక ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. గొట్టం మూసుకుపోయి గదిలోకే తిరిగొస్తున్న ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పొగలా కళ్ళు మండించదు, దగ్గు తెప్పించదు. వచ్చిందని చెప్పదు.

ఆ రోజు పొద్దున్నే చేపత్త అందరికన్నా ముందు వచ్చింది. బాబాయ్ బాయిలర్ వెలిగించి, నీళ్ళ పంపులు చూడడానికి భవనం అవతలి వైపుకు వెళ్ళాడు. ఆమె కర్టెన్ దించుకుని, బల్ల మీద కూర్చుని, తువ్వాళ్ళు మడతపెట్టడం మొదలుపెట్టింది. గది హాయిగా వెచ్చగా ఉంది. కిటికీ అద్దాల మీద పట్టిన ఆవిరిలోంచి తెల్లవారుతున్న వెలుతురు పాలలా దిగుతోంది.

మొదట తలకు బిగుతు టోపీ పెట్టినట్టు అనిపించింది. ఖాళీ కడుపుతో బయలుదేరినందుకేమో అనుకుంది. కాసేపు కర్టెన్ తీసి ఉంచుదామనుకుంది. ఆ అనుకోవడం చేతుల దాకా రాలేదు. ఇంకో తువ్వాలు మడిచింది. మడిచిన తువ్వాలునే మళ్ళీ మడిచింది. అది చిన్నదై, ఇంకా చిన్నదై, అరచేతిలో పిట్టంత అయింది. అందుకు ఆమెకు నవ్వొచ్చింది. నేల మీది పలకలు మెల్లగా నీలంగా మారుతున్నాయి. తను ఎక్కడ కూర్చుందో ఆమెకు చప్పున అర్థమైంది: అడుగున. పైన ఎండ ముక్కలు ఊగుతున్నాయి. ఎవరివో కాళ్ళు తీరిగ్గా పోతున్నాయి. ఎంత ఊపిరి ఉందో, ఎంతసేపైనా ఇలాగే కూర్చోవచ్చు అనుకుంది. పక్కవీధిలో తల్లి ఎవరినో పిలుస్తోంది. తననే కాబోలు. వెళ్ళాలి, వెళ్తే దెబ్బలు పడతాయి, అయినా వెళ్ళాలి అనుకుంటూ లేవబోయింది. మోకాళ్ళు ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు. వాంతి అయింది. తరవాత పలకల చల్లదనం చెంపకు తగిలింది. అది కూడా బాగుంది.

వదిన రోజూ కాస్త ముందే వచ్చేది. బాయిలర్ పక్కన ఉండే వెచ్చటి బల్ల ఇంకెవరూ ఆక్రమించకముందే సంచీ పెట్టెయ్యడం ఆవిడ ఉద్దేశం. కర్టెన్ తొలగించి చూసేసరికి మరదలు తువ్వాళ్ళ మధ్య పడి ఉంది. బుగ్గలు మాత్రం ఎప్పుడూ లేనంత ఎర్రగా, నిద్రలో ఉన్న పసిపిల్లలా ఉందట. ఆవిడ రెండడుగులు వేసేసరికి తన తల కూడా గిర్రున తిరిగింది. గ్యాస్ సంగతి ఆవిడకేం తెలుసు? ఈ గది మంచిది కాదు అన్నంత మటుకు ఒళ్ళు చెప్పింది. మోకాళ్ళు వంగని మనిషి వంగి, ఒక పెద్ద తువ్వాలు మీదికి మరదల్ని దొర్లించి, దాని రెండు కొసలూ పట్టుకుని, తడి పలకల మీద బండిలా లాక్కుంటూ కొలను గట్టుకు తెచ్చి పడేసింది. తను కుట్టిన కర్టెన్ కాలికి అడ్డం పడితే కొక్కాలతో సహా పీకేసింది. అప్పుడు పెట్టిన కేక ఎత్తైన ఆ కప్పు కింద ఎన్నిసార్లు మోగిందో. బాబాయ్ పరుగెత్తుకొచ్చాడు. బాయిలర్ ఆపాడు. టేపు వేసిన కిటికీ తెరుచుకోకపోతే మోచేత్తో అద్దం పగలగొట్టాడు. అంబులెన్స్ వచ్చేదాకా వదిన గట్టు మీద కూలబడి మరదలి తల ఒళ్ళో పెట్టుకుని, తిట్లు తప్ప ఇంకేం మాట్లాడడం రానట్టు తిడుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రోగి రంగునూ, ఎక్కడ పడిపోయిందన్న కబురునూ కలిపి చూసి, రక్తపరీక్ష ఫలితం వచ్చేలోపే ముఖానికి ప్రాణవాయువు మాస్కు బిగించేసింది. సెలూన్ ఆయన చేతిలో దువ్వెనతోనే పరుగెత్తుకొచ్చాడు. భార్య వేలికి తగిలించిన, ప్రాణవాయువు కొలిచే క్లిప్పు వంక చూశాడు. పక్కమంచం వాళ్ళ క్లిప్పుకన్నా ఎక్కువ అంకె కనిపిస్తోంది. అంతా బాగానే ఉంది కదా, మరి కళ్ళు తెరవదేం అని అడిగాడు.

డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, ఓపిగ్గా చెప్పింది. ఆ గదిలో నిండింది కార్బన్ మోనాక్సైడ్. ఊపిరితిత్తులకు మంచి గాలీ చెడ్డ గాలీ తేడా తెలియదు, వచ్చినదాన్నల్లా రక్తానికి అందిస్తాయి. ఈ వాయువు రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోటు ఆక్రమించి ఓ పట్టాన లేవదు.

"అంటే, మా సెలూన్లో కుర్చీలన్నిట్లోనూ ఎవరో వచ్చి కూర్చుని, పని చేయించుకోకుండా, లేవకుండా ఉన్నట్టాండీ?"

"అచ్చం అంతే. ఆ క్లిప్పుకు కుర్చీ నిండిందా లేదా అన్నదే తెలుసు. కూర్చున్నదెవరో తెలియదు."

ఇలాంటి మాట వేరే రోజయితే ఆయన పది మందికి చెప్పుకుని మురిసేవాడు. ఇప్పుడు దువ్వెన పళ్ళు బొటనవేలితో ఒత్తుకుంటూ ఉండిపోయాడు. డాక్టరమ్మ ఊపిరితిత్తుల ఫోటో వెలుతురుకు పట్టి చూపించింది. నల్లగా ఉండాల్సిన చోటంతా దూది పరిచినట్టు తెల్లగా ఉంది. ప్రాణవాయువు అందక ఆ సన్నటి గోడలు బలహీనపడ్డాయి, గుండె కూడా నీరసించింది, అందుకని ఊపిరితిత్తుల్లో నీరు ఊరింది అంది. పైగా వాంతి కొంత లోపలికి పోయింది, అక్కడ చీము పట్టకుండా మందులు వేస్తున్నాం అంది.

"నీరా?" అన్నాడాయన. "ఆవిడ ఇవాళ నీళ్ళలో దిగనే లేదండీ."

చేపత్తకు ఆ రోజులు వరుసగా గుర్తులేవు. వత్తిడి పెట్టి ప్రాణవాయువు ఎక్కించే ఒక గుండ్రటి పెద్ద పీపాలాంటి గది మాత్రం గుర్తుంది. అందులో పడుకోబెట్టి తలుపు బిగించారు. పక్కన గాజు కిటికీ ఉంది. లోపల గాలి వత్తిడి పెంచుతుంటే, లోతుకు దిగేటప్పుడు చెవులు ఎలా మూసుకుంటాయో అలా మూసుకున్నాయి. గుటక వెయ్యమ్మా, గుటక వెయ్యి అంటోంది ఎవరిదో గొంతు. ఆమెకు అది బాగా తెలిసిన పని. గుటక వేసింది, చెవులు విచ్చుకున్నాయి, ఇంకా కిందికి దిగింది. ఈసారి అడుగు తగల్లేదు. నీళ్ళు లేవు కానీ నీళ్ళలో ఉన్నట్టే ఉంది. కిటికీ అవతల భర్త ముఖం, గాజు వంపుకు సాగి, చేపముఖంలా కనిపించింది. పెదాలు కదుపుతున్నాడు. మాట వినిపించడంలేదు. ఈయన మళ్ళీ మునిగాడు, లాగాలి అనుకుని చెయ్యెత్తింది. చెయ్యి కొంచెమే లేచింది. అవతల ఆయన తన చెయ్యి గాజుకు ఆనించాడు. అలా ఎంతసేపున్నారో ఇద్దరికీ తెలియదు. రక్తంలో కూర్చున్న మొండి అతిథులు ఒక్కొక్కరే లేచి పోతున్నారని ఆయనకు తరవాత చెప్పారు.

తెలివి పూర్తిగా వచ్చాక అసలు కష్టం మొదలైంది. ఛాతీ మీద ఎవరో తడి దుప్పటి మడత పెట్టి ఉంచినట్టు ఉండేది. మంచం మీద పక్కకు తిరిగితే ఆయాసం. ఒక చిన్న మాటకు రెండుసార్లు గాలి పీల్చుకోవలసి వచ్చేది. దగ్గితే గులాబిరంగు నురగ పడేది. తరవాత జ్వరం వచ్చింది, కుడివైపు కింద గుచ్చుతున్నట్టు నొప్పి వచ్చింది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఆ పాలవెలుతురు గది, ఆ నవ్వు. భయం అనిపించకపోవడమే ఆమెకు భయంగా ఉండేది.

ఒకరోజు నర్సు మూడు రంగుల బంతులున్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి ఇచ్చింది. దాని గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చాలి. పీల్చేకొద్దీ బంతులు ఒకదాని తరవాత ఒకటి పైకి లేవాలి. చేపత్త పీల్చింది. మొదటి బంతి కాస్త వణికి ఊరుకుంది. మళ్ళీ పీల్చింది. అదే వణుకు. ఆమె డబ్బాను ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తూ ఉండిపోయింది.

వదిన పక్కనే కూర్చుని నారింజ తొనలు వలుస్తోంది. ఆ డబ్బా అందుకుని, గొట్టం కొంగుతో తుడిచి, ఒక్క పీల్పుతో మూడు బంతులూ టకటకా పైకి కొట్టించింది. కొట్టించి, తనే ఆశ్చర్యపోయి, "చూశావా, నాలో ఇంత ఉందని ఇన్నేళ్ళూ ఒక్కరూ చెప్పలేదే" అంది. చేపత్తకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగక నర్సు వచ్చి ఇద్దర్నీ కోప్పడింది. కానీ ఆ సాయంత్రం మొదటి బంతి లేచింది.

భర్త రోజూ సెలూన్ మధ్యాహ్నం మూసేసి వచ్చేవాడు. అంత మాటకారీ ఆసుపత్రిలో మాట్లాడేవాడు కాదు. వెనక దిండు సర్ది, ఆమె జుట్టు చిక్కు తీసేవాడు. జుట్టు లాగకుండా చిక్కు తియ్యడం ఒక విద్య. దువ్వెన మెల్లగా దిగుతుంటే ఆమె ఊపిరి కూడా ఆ లయకే పడేది. చాలాసార్లు అలాగే నిద్రపోయేది.

బాబాయ్ వార్డు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతున్నాడని నర్సు చెప్పింది. ఒక మధ్యాహ్నం చేపత్త ఆయన్ని లోపలికి పిలిపించింది. ఆయన మోచేతికి ఇంకా కట్టు ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"గూడు తీసెయ్యాల్సింది నేనేనమ్మా. పిట్టలు మళ్ళీ వస్తాయని ఉంచాను. నీ ఊపిరి తీశాను."

ఆమె మాటకోసం గాలి కూడదీసుకుంది. "టేపు వేసింది నేను బాబాయ్. నేనేసిన టేపుకే నీ మోచెయ్యి తెగింది."

"కర్టెన్ మాట ఎత్తకండి, మీకు పుణ్యముంటుంది" అంది వదిన, మంచం పక్కన కూర్చుని వలుస్తున్న నారింజ పండు వంక చూస్తూ. వదిన సగం తొనలు బాబాయ్ చేతిలో పెట్టింది. ఆయన వాటిని తినలేకా వదలలేకా పట్టుకుని, వెళ్ళేటప్పుడు కూడా పట్టుకునే వెళ్ళాడు.

చలి వెనకబట్టాక ఇంటికి పంపారు. రక్తంలోంచి ఆ వాయువు ఎప్పుడో పోయింది. నీరు కూడా ఇంకిపోయింది. కానీ కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ఒక ముక్క గట్టిపడి మిగిలిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. రోజూ కొంచెం కొంచెం నడవమంది. కొన్నాళ్ళు మరుపు కూడా ఉండొచ్చంది. అన్నట్టే, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది, చెప్పిన మాటే చెప్పేది. భర్త మాత్రం మొదటిసారి విన్నట్టే వినేవాడు. ఆ మరుపు నెమ్మదిగా తగ్గింది.

"ఇక ఊపిరి బిగబట్టి అడుక్కి దిగే పందేలు వద్దు" అని ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ చెప్పిన మాట మాత్రం ఆమె మరిచిపోలేదు. ఆ మాట అప్పుడు తలూపి విన్నది. ఇంట్లో ఒకరోజు చెంబులో నీళ్ళు పోసుకుంటూ హఠాత్తుగా ఏడ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి కదా, మధ్యలో ఆగి, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ ఏడ్చింది. భర్త వంటగది గుమ్మంలోంచి వచ్చి, ఆ చెంబు పట్టుకున్నాడు.

కొలనులో పాత బాయిలర్ తీసేసి కరెంటుది పెట్టారు. కిటికీల టేపు పీకేశారు. గోడకు ఒక చిన్న తెల్ల పెట్టె బిగించారు. గాలి పాడైతే అది కూస్తుందట. ఎండలు ముదిరాక చేపత్త మళ్ళీ పనిలోకి వచ్చింది. మొదట గట్టు మీద కుర్చీలో కూర్చుని నేర్పింది. పిల్లలు ఆమె దిగదేమని గుసగుసలు పోయారు. ఒక పొద్దుట పెద్దవాళ్ళ జట్టు వెళ్ళిపోయాక మెట్లు దిగింది. నడుముదాకా బాగుంది. మెడదాకా బాగుంది. తల ముంచగానే ఛాతీ బిగుసుకుపోయింది. నీలం పలకలు, ఆ పాలవెలుతురు, చేతులదాకా రాని ఆ ఆలోచన, అన్నీ ఒక్కసారి కమ్ముకున్నాయి. నీళ్ళు చిమ్ముకుంటూ పైకి లేచింది. పుట్టాక మొదటిసారి నీళ్ళంటే భయమేసింది.

వదిన ఇంకా వెళ్ళలేదు. గొట్టం పట్టుకునే పక్కకు వచ్చి, వీపు మీద చెయ్యి వేసింది.

"ఇదిగో, ఇలా అంచు పట్టుకోవే. సిగ్గేముంది? నేను ఇన్నాళ్ళనుంచీ పట్టుకోవట్లేదూ?"

పట్టుకుంది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు అంచు వెంట నడిచారు. ప్రతి మలుపు దగ్గరా వదిన ఆగి, తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పేది. ఆ నెపంతో మరదలు ఊపిరి తీసుకునేది. రెండో చుట్టులో చేపత్త పెదాలవరకు ముంచి బుడగలు వదిలింది. పక్కన వదినా వదిలింది. ఎండాకాలం సగం గడిచేసరికి ముఖం ముంచగలిగింది. ఇప్పుడు పిల్లలతో పాటు కొలను పొడవునా ఈదుతుంది, నెమ్మదిగా, మధ్యలో వెల్లకిలా తేలుతూ. అడుక్కి మాత్రం దిగదు. పిల్లల్లో ఎవరైనా అడిగితే, నా వాటా అయిపోయింది నాన్నా, ఇక మీరు చూసొచ్చి చెప్పండి అంటుంది. వాళ్ళు చూసొచ్చి చెబుతారు. ఒకడికి అడుగున వాచీ కనిపిస్తుంది, ఇంకొకడికి తిమింగలం. ఆమె అన్నీ వింటుంది.

వాళ్ళ ఇల్లు ఒక అపార్ట్‌మెంటులో అన్నిటికన్నా పై అంతస్తులో ఉంది. పూర్వం ఆమె ఆ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ ఎక్కేది. ఏ గుమ్మంలో ఎవరుంటారో చూసేది కాదు. ఇప్పుడు సగం దారిలో ఆగాలి. ఆ మలుపులో ఒక ముసలావిడ తలుపు బార్లా తీసుకుని, మెట్ల కిటికీ వెలుతురు తన మసకబారుతున్న కళ్ళకు చాలేలా జరిగి కూర్చుని, ఉన్ని బట్టలకు పడిన చిల్లులు అల్లి పూడుస్తూ ఉంటుంది. ఇన్నేళ్ళూ ఒకే మెట్లు ఎక్కుతూ దిగుతూ ఒకరి గొంతు ఒకరికి తెలియదు. మొదటి రోజు ఆవిడ ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళి ఒక స్టూలు తెచ్చి వేసింది. ఆ స్టూలు ఇక అక్కడే ఉంటోంది.

ఒక సాయంత్రం చేపత్త అక్కడ కూర్చుని ఉంది. కిటికీలోంచి ఎండ మెట్ల మీద పడి, ఒక్కొక్క మెట్టే దిగుతోంది. ముసలావిడ ఎవరి పిల్లలదో ఉన్ని చొక్కా మోచేతి చిల్లును పూడుస్తోంది. సూది ఒక పోగు కిందనుంచి దూరి, ఇంకో పోగు మీదనుంచి వచ్చి, తొందర లేకుండా పోతోంది. ఎంతసేపు పడుతుంది అని చేపత్త అడిగింది. చిల్లును బట్టి అందావిడ. కొన్నిటికి పూడ్చినట్టే తెలియదు, కొన్నిటికి తెలుస్తుంది, వేసుకోవడానికి మాత్రం రెండూ వెచ్చగానే ఉంటాయి అంది.

పైనుంచి భర్త గొంతు వినిపించింది, అన్నం చల్లారిపోతోందని.

"వస్తున్నా" అంది చేపత్త. అని, ఆ దారం పూర్తయ్యేదాకా చూద్దామని ఇంకాసేపు కూర్చుంది.